పిండం ఆగిపోతే తల్లిని అడగకండి

గర్భం నిలవనప్పుడు, లేదా పుట్టిన బిడ్డలో ఏదైనా లోపం కనిపించినప్పుడు, మన ఇళ్ళలో మొదటి ప్రశ్న తల్లి వైపే తిరుగుతుంది. ఏం తిన్నది, ఏ బరువు ఎత్తింది, ఎవరింటికి పోయింది, గ్రహణం నాడు బయటికి ఎందుకు వచ్చింది అని ఆరా మొదలవుతుంది. అడిగేవాళ్ళలో చాలామంది ఆమె మేలు కోరేవాళ్ళే. అత్త, కన్నతల్లి, పెద్దమ్మ, పక్కింటివాళ్ళు. అయినా ఆ ఆరా నేరవిచారణ లాగే సాగుతుంది. చివరికి ఏదో ఒక చిన్న పని తప్పుగా స్థిరపడిపోతుంది, ఆ తప్పును ఆమె ఏళ్ళ తరబడి మనసులో మోస్తుంది.

నేను జన్యుశాస్త్రం చదివి, ఉద్యోగ జీవితమంతా ఒక్కటే పని చేశాను: మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగు గుడ్డులో పిండం ఎలా రూపుకడుతుందో, ఎక్కడ ఎందుకు ఆగిపోతుందో చూడటం. నేను చూసిన పిండాల్లో ఎదిగినవాటికంటే ఆగిపోయినవే ఎక్కువ, ఎందుకంటే ఆగిపోయినదాన్ని పరిశీలిస్తేనే సజావుగా ఎదిగే పిండానికి ఏమేం అవసరమో తెలుస్తుంది. హనుమకొండకు తిరిగి వచ్చి స్థిరపడిన తరువాత చుట్టాల్లోనూ పరిచయస్తుల్లోనూ ఈ ఆరాలు మళ్ళీ వింటున్నాను. నా వృత్తి నేర్పినదాన్ని బట్టి చెబుతున్నాను, ఈ ఆరాలో దొరికే జవాబులే కాదు, అడిగే ప్రశ్నే తప్పు. ఆ మాటను ఇక్కడ కొంత వివరంగా వాదించదలచుకున్నాను.

నులిపురుగు అనగానే మన దగ్గర బడి పిల్లలకు అల్బెండజోల్ మాత్ర వేసే రోజు గుర్తుకొస్తుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు పసుపు రైతుకైతే వేర్ల మీద బుడిపెలు లేపే పురుగు గుర్తుకొస్తుంది. బోదకాలు తెచ్చేది కూడా ఈ వర్గానికి చెందినదే. నేను పెంచినది వీటికి దూరపు చుట్టం, కానీ ఎవరికీ హాని చేయదు. దాని పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. మట్టిలో, కుళ్ళుతున్న పండ్లలో బాక్టీరియాను తిని బతుకుతుంది. జీవి ఎలా రూపుకడుతుందో, నాడీవ్యవస్థ ఎలా ఏర్పడుతుందో జన్యువుల ద్వారా తెలుసుకోవడానికి తగిన ప్రాణి కోసం 1963లో కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ వెతుకులాట మొదలుపెట్టి, దీన్ని ఎంచుకున్నాడు. 1974లో దాని జన్యుశాస్త్రం మీద ఆయన ప్రచురించిన పత్రంతో ఈ రంగం నిలదొక్కుకుంది. దేహం అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర మూడున్నర రోజుల్లో గుడ్డు నుంచి గుడ్లు పెట్టే దశకు చేరుతుంది. ఒక్కో పురుగుకు 300 దాకా పిల్లలు పుడతాయి. జాన్ సల్‌స్టన్, తన సహచరులతో కలిసి, ఒక్క కణంగా ఉన్న గుడ్డు నుంచి పిల్ల బయటికి వచ్చేదాకా ప్రతి కణ విభజననూ కంటితో చూసి, చేత్తో గీసి, 1983లో పూర్తి వంశవృక్షాన్ని ప్రచురించాడు. గుడ్డు పగిలేనాటికి పిల్లలో 558 కణ కేంద్రకాలుంటాయి. ఏ కణం ఏ కణానికి బిడ్డో, ఏది ఎప్పుడు చనిపోవాలో ప్రతి పిండంలోనూ దాదాపు ఒకేలా జరుగుతుంది. ఇంత కచ్చితంగా నడిచే క్రమం కాబట్టే, అది ఎక్కడ తప్పిందో చూసిన వెంటనే పట్టుకోవచ్చు.

చూడటం ఎలాగో చెప్పకపోతే ఈ వాదన గాలిలో మిగిలిపోతుంది. గుడ్లతో నిండిన పురుగును ఒక ద్రావణపు చుక్కలో వేసి, సూది మొనతో నడుము దగ్గర కోస్తే గుడ్లు బయటపడతాయి. పుల్లకు అతికించిన కనురెప్ప వెంట్రుకతో వాటిలో అప్పుడే ఫలదీకరణ జరిగినదాన్ని పక్కకు జరిపి, జెల్లీ లాంటి పలచని అగార్ పొర మీదికి చేర్చి, పైన పలచని గాజు పలక కప్పి సూక్ష్మదర్శిని కింద పెడతాం. గుడ్డు పొడవు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. లోపల రేణువులతో నిండిన పదార్థం మెల్లగా కదులుతూ ఉంటుంది, అందులో నునుపుగా, గుండ్రంగా రెండు కేంద్రకాలు కనిపిస్తాయి. ముందు చివరన ఉన్నది అండానిది, వెనుక చివరన ఉన్నది శుక్రకణానిది. నిజానికి శుక్రకణం ఎటు నుంచి ప్రవేశించిందో ఆ వైపే సాధారణంగా వెనుక చివర అవుతుంది; తల ఎటు, తోక ఎటు అన్నది అక్కడ తేలుతుంది. అండ కేంద్రకం గుడ్డు పొడవునా ప్రయాణించి రెండోదాన్ని చేరుకుంటుంది, రెండూ కలిసి నడిమికి వచ్చి, పక్కకు తిరిగి, విభజనకు సిద్ధమవుతాయి. అప్పుడు విభజన కండె, అంటే క్రోమోజోములను రెండు వైపులకూ లాగే పోగుల కట్ట, కొంచెం వెనక్కి జరుగుతుంది. ఆ జరగడం వల్లనే గుడ్డు సరిసమానంగా కాక, ముందు పెద్ద కణంగా, వెనుక చిన్న కణంగా చీలుతుంది. ముందున్న పెద్ద కణం తరువాతి విభజనను రెండు నిమిషాలు ముందుగా మొదలుపెడుతుంది. ఈ చిన్న అసమానతలోంచే తరువాత చర్మం, పేగు, కండరం, మళ్ళీ గుడ్లు పెట్టగల కణాలు, అన్నీ వేరుపడతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది మామూలు దృశ్యం కాలేదు.

ఈ అసమానతను ఏ జన్యువులు నిలబెడుతున్నాయో వెతికి పట్టుకున్నది కెన్ కెంఫ్యూస్, జిమ్ ప్రీస్, వారి సహచరులు. 1988లో వాళ్ళు ప్రచురించిన పత్రం నా తరం వాళ్ళందరికీ దారి చూపింది. వాళ్ళు పార్ అని పేరు పెట్టిన ఆ జన్యువులు చెడిన గుడ్డులో మొదటి విభజన సమానంగా జరిగిపోతుంది, లేదా రెండు కణాలూ ఒకేసారి విభజిస్తాయి. ముందు వెనుకల తేడా పోతుంది. కణాలు వందల సంఖ్యలో పుడతాయి కానీ పురుగు రూపం రాదు. ఇలాంటి జన్యువులను గాలించడానికి వాడే ఒక పద్ధతి గురించి చెప్పాలి. గుడ్లు పెట్టలేని ఒక రకం పురుగులుంటాయి; వాటి గుడ్లు కడుపులోనే పగిలి, పిల్లలు తల్లిని లోపలి నుంచి తినేస్తాయి. అలాంటి రకంలో ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో మార్పులు, కలిగించి, కొన్ని తరాల తరువాత వాటిని పెంచే ప్లేట్లను చూస్తే, పిల్లలు సజావుగా ఎదిగిన చోట తల్లులు మిగలవు. ఎక్కడైనా ఒక తల్లి కడుపు నిండా ఎదగని గుడ్లతో ఇంకా బతికి తిరుగుతూ ఉంటే, వెతుకుతున్న జన్యువు ఆమెలో ఉండే అవకాశం ఉంది. దాన్నే ఏరుకుని ముందుకు వెళ్ళేవాళ్ళం.

ఆ బతికి ఉన్న తల్లి దగ్గరే నా వాదన మొదలవుతుంది. ఆమె పూర్తి ఆరోగ్యంగా ఉంటుంది. పరుగెడుతుంది, తింటుంది, మామూలు సంఖ్యలో గుడ్లు తయారుచేస్తుంది, కానీ ఆ గుడ్లలో ఒక్కటీ ఎదగదు. కారణం ఏమిటంటే, పిండంలో మొదటి కొన్ని విభజనలు పిండం సొంత జన్యువుల మీద నడవవు. తల్లి అండం తయారుచేసేటప్పుడు అందులో నింపిపెట్టిన ప్రొటీన్ల మీద, ఆ ప్రొటీన్ల తయారీకి జన్యువుల నుంచి తీసిన నకళ్ళయిన ఆర్ఎన్ఏ మీద నడుస్తాయి. దూర ప్రయాణానికి ఇంటి నుంచి కట్టి పంపిన సద్ది లాంటిది అది. దారిలో సొంతంగా సంపాదించుకునేదాకా అదే ఆధారం. మన ఈ తల్లి పురుగులో పార్ జన్యువు ప్రతులు రెండూ చెడి ఉన్నాయి, అందువల్ల ఆమె ఆ ప్రొటీనును గుడ్డులో నింపలేదు. మరి ఆమె తాను పిండంగా ఉన్నప్పుడు ఎలా ఎదిగింది? ఆమె తల్లిలో ఒక ప్రతి బాగుంది, ఒకటి చెడింది. ఆ ఒక్క మంచి ప్రతి నుంచి తయారైన ప్రొటీను ఆమె గుడ్డుకు అందింది. అంటే లోపం అమ్మమ్మ తరంలోనే ఉంది, కానీ అక్కడ బయటపడలేదు. కూతురికి రెండు వైపుల నుంచీ చెడ్డ ప్రతులే వచ్చాయి, ఆమెలోనూ అది కనిపించలేదు. మనుమల దగ్గర కనిపించింది. ఈ మూడు తరాల్లో ఎవరు ఏం చేశారని అడగాలి?

ఇక్కడ ఒక అపాయం ఉందని నాకు తెలుసు. ఇలాంటి జన్యువులను మా శాస్త్రంలో తల్లి ప్రభావం చూపే జన్యువులు అంటాం. ఆ మాట విన్నవాళ్ళు, చూశారా, శాస్త్రం కూడా తల్లిదే కారణం అంటోంది అని ముగించేయవచ్చు. కాబట్టి స్పష్టంగా చెప్పాలి. ఆ పురుగు చేసిన పని ఏదీ పిండాన్ని ఆపలేదు. ఆమె మానుకోగలిగిన పని ఏదీ లేదు. ఆమె దేహం ద్వారా ఒక కారణం పిండాన్ని చేరింది, అంతే. కారణం ఒకరి దేహంలో ఉండటం వేరు, ఆ వ్యక్తి దాన్ని కలిగించడం వేరు. మన ఇళ్ళలో జరిగే ఆరా ఈ రెండింటినీ ఒకటి చేస్తుంది. అంతే కాదు, పురుగు పిండంలో తండ్రి పాత్ర కూడా తక్కువేమీ కాదు. విభజన కండెను కట్టడానికి అవసరమైన సెంట్రోసోమ్ అనే భాగాన్ని తెచ్చేది శుక్రకణమే. అది లోపిస్తే మొదటి విభజన కూడా సరిగ్గా జరగదు. అయినా గర్భం పోయిన ఇంట్లో తండ్రిని కూర్చోబెట్టి నువ్వేం చేశావని అడిగినట్టు నేను ఎక్కడా వినలేదు. ఆయనను అడగడం కూడా తప్పే అవుతుంది, నేను అందుకోసం వాదించడం లేదు.

మా చిన్నమ్మ కోడలికి మూడోసారి గర్భం పోయినప్పుడు చూడటానికి వెళ్ళాను. పెద్దవాళ్ళంతా లేచి వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, నా చేయి పట్టుకుని మెల్లగా అడిగింది: "వదినే, నువ్వు చదివింది దీని గురించే గదా. నేను చేసిన తప్పేందో నువ్వన్న చెప్పు." ఆమెకు నేను ఆ రోజు ఇచ్చిన జవాబును కొంచెం విస్తరించి రాసిందే ఈ వ్యాసం.

పురుగులో చూసిన ఈ తీరు మనుషుల్లోనూ ఉంది. మనిషి పిండం కూడా మొదటి రెండు మూడు రోజులు, అంటే నాలుగు నుంచి ఎనిమిది కణాల దశ దాకా, ప్రధానంగా అండంలో నిల్వ ఉన్న పదార్థం మీదే నడుస్తుంది. డాక్టర్లు ముత్యాల గర్భం అని చెప్పే స్థితి ఒకటి ఉంది: పిండం ఎదగకుండా మాయ మాత్రం నీటి బుడగల గుత్తుల్లా పెరుగుతుంది. చాలామందిలో అది ఒక్కసారి యాదృచ్ఛికంగా వచ్చి పోతుంది. కానీ అరుదుగా కొందరు స్త్రీలకు గర్భం వచ్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. అలాంటి వాళ్ళలో చాలామందికి ఎన్ఎల్ఆర్‌పీ7 అనే జన్యువు ప్రతులు రెండూ చెడి ఉంటాయని 2006లో తేలింది. ఆ స్త్రీలు ఆరోగ్యవంతులే. వాళ్ళకు ఒక చెడ్డ ప్రతి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వచ్చాయి. భర్తను మార్చినా ఫలితం మారదు, మందులు మార్చినా మారదు. మరొక స్త్రీ దానం చేసిన అండంతో అయితే ఆమె గర్భంలోనే బిడ్డ చక్కగా ఎదిగిన సందర్భాలున్నాయి. అంటే ఆమె గర్భసంచిలో దోషం లేదు, ఆమె నడవడిలో అంతకంటే లేదు. ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడవాళ్ళను అచ్చిరాని కోడళ్ళుగా లెక్కగట్టి పుట్టింటికి పంపేశారో ఆలోచిస్తే నాకు ఊపిరి ఆడదు.

ఇక్కడే మేనరికం మాట వస్తుంది. బ్రెన్నర్ ఈ పురుగును ఎంచుకోవడానికి ఒక కారణం, అది ఉభయలింగ జీవి కావడం. తన శుక్రకణాలతో తన అండాలనే ఫలదీకరించుకుంటుంది కాబట్టి, ఒక ప్రతి చెడిన పురుగును ఒంటరిగా ప్లేటు మీద వదిలితే చాలు, దాని పిల్లల్లో నాలుగో వంతుకు రెండు ప్రతులూ చెడ్డవే వస్తాయి. దాగి ఉన్న లోపాన్ని బయటికి తీయడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. మేనరికంలో జరిగేది ఇదే, కాకపోతే తీవ్రత తక్కువ. ఒకే పూర్వీకుడి జన్యువు ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చి ఒక బిడ్డలో కలిసే అవకాశం, స్వీయ ఫలదీకరణలో రెండింట ఒకటి. మేనమామ, మేనకోడలి పెళ్ళిలో ఎనిమిదింట ఒకటి. మేనబావ, మరదలి పెళ్ళిలో పదహారింట ఒకటి. సాధారణంగా వంద మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురిలో కనిపించే పుట్టుక లోపాలు మేనబావ, మరదలి పిల్లల్లో నలుగురి నుంచి ఆరుగురిలో కనిపిస్తాయి. అంటే భయపడి ఊరు విడిచిపోయేంత ప్రమాదమూ కాదు, పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు. అయితే చదువుకున్నవాళ్ళలో ఈ మధ్య ఒక కొత్త మాట వింటున్నాను: మేనరికం చేసుకుంటే ఇట్లనే అవుతది అని. మొన్నటిదాకా గ్రహణం మీద వేసిన నిందను ఇప్పుడు శాస్త్రం పేరుతో మళ్ళీ అదే మనిషి మీద వేయడం ఇది. ఆ పెళ్ళి ఎవరు కుదిర్చారు? ఆస్తి బయటికి పోకూడదని, కట్నం తగ్గుతుందని, పిల్ల కళ్ళముందే ఉంటుందని లెక్కలు వేసింది ఎవరు? పైగా ముత్యాల గర్భం లాంటి వాటిలో లెక్కకు వచ్చేది ఆమె చేసుకున్న పెళ్ళి కాదు, ఆమె తల్లిదండ్రుల పెళ్ళి. ఆమె పుట్టకముందే జరిగిపోయింది అది.

జన్యువు ప్రతులు చెడటం ఒక కారణం మాత్రమే. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల సంఖ్య తప్పడం వల్ల పోతాయి. నా పురుగుల్లో ఈ తప్పు ప్లేటు మీద నడుస్తూ కనిపిస్తుంది. రెండు ఎక్స్ క్రోమోజోములుంటే అది ఉభయలింగ పురుగు, ఒక్కటే ఉంటే మగది. మగవి లేని ప్లేటులో కూడా వెయ్యికి ఒకటి రెండు మగవి పుట్టుకొస్తాయి, ఎందుకంటే అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోములను సగానికి తగ్గించే క్షయకరణ విభజనలో అప్పుడప్పుడు ఒక ఎక్స్ తప్పిపోతుంది. ఆ పురుగును ఎవరూ భయపెట్టలేదు, దానికి ఎవరి దిష్టీ తగల్లేదు. సజావుగా సాగే విభజనకే ఈ పాటి పొరపాట్లు సహజం. మనిషి అండంలో ఈ పొరపాట్లు చాలా ఎక్కువ, వయసుతో పాటు పెరుగుతాయి. దానికి ఒక కారణం, స్త్రీ అండాల్లో క్షయకరణ విభజన ఆమె ఇంకా తన తల్లి కడుపులో ఉండగానే మొదలై, మధ్యలో ఆగి, ఏళ్ళ తరబడి అదే స్థితిలో వేచి ఉండటం. ముప్పై అయిదేళ్ళ స్త్రీలో విడుదలయ్యే అండం అంతకంటే ఎక్కువ కాలం ఎదురుచూసిన కణం. ఎత్తిన బిందెలకూ, ఎక్కిన మెట్లకూ, ఆర్టీసీ బస్సు కుదుపులకూ దానితో ఏ సంబంధమూ లేదు. క్రోమోజోముల లెక్క తప్పిన పిండం ఆమె మంచం దిగకపోయినా ఆగిపోయేదే.

పిండం సజావుగా ఎదగడానికి ఎన్ని పనులు కలిసి రావాలో తెలుసుకోవడానికి 2005లో వచ్చిన ఒక పని చూడాలి. ఈ పురుగులోని దాదాపు 19,000 జన్యువులను ఒక్కొక్కటిగా అణచివేసి, గుడ్డులో మొదటి రెండు విభజనలు ఎలా జరుగుతాయో వీడియో తీసి చూశారు. 661 జన్యువుల విషయంలో ఆ విభజనల్లో తేడా కనిపించింది. రెండంటే రెండు విభజనలకే ఇన్ని అవసరమైతే, బిడ్డ రూపం వచ్చేదాకా ఎన్ని కావాలి? మనం గర్భం పోవడాన్ని వింతగా, బిడ్డ పుట్టడాన్ని మామూలుగా చూస్తాం. పిండాలతో పనిచేసినవాళ్ళకు ఈ చూపు తలకిందులవుతుంది.

ఈ అణచివేత పద్ధతి పుట్టుకలో కూడా పార్ జన్యువులకు పాత్ర ఉంది. 1995లో గువో, కెంఫ్యూస్ పార్-1 జన్యువును దాని ఎదురు ఆర్ఎన్ఏతో, అంటే ఆ జన్యువు ఆర్ఎన్ఏకు జతగా అతుక్కునే పోగుతో, అణచడానికి ప్రయత్నించినప్పుడు, ఏ ప్రభావమూ చూపకూడదనుకున్న సరి ఆర్ఎన్ఏ, అంటే ఆ జన్యువు ఆర్ఎన్ఏ లాంటిదే అయిన పోగు, కూడా అంతే పనిచేసింది. వాళ్ళు ఆ ఫలితాన్ని దాచకుండా, సర్దిచెప్పకుండా ఉన్నదున్నట్టు ప్రచురించారు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రేగ్ మెల్లో దాని వెనుక రెండు పోగుల ఆర్ఎన్ఏ ఉందని తేల్చారు, 2006లో నోబెల్ బహుమతి అందుకున్నారు. కారణం తెలియని చోట కారణం కల్పించకపోవడమే అక్కడ మేలు చేసింది. గర్భం పోయిన ఇంట్లో మనం చేయలేకపోతున్నది సరిగ్గా అదే.

గ్రహణం సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూపి గ్రహణం మొర్రి అనడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. పిండంలో పై పెదవి రెండు వైపుల నుంచి పెరిగి వచ్చి కలిసిపోయేది నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. చాలామంది స్త్రీలకు నెల తప్పిన సంగతి రూఢి అయ్యేసరికే ఆ పని సగం జరిగిపోతుంది. అంగిలి కూడా మూడో నెల పూర్తయ్యేలోపు మూసుకుంటుంది. ఆరో నెలలో, ఏడో నెలలో వచ్చిన గ్రహణం నాడు ఆమె కూరగాయలు కోసినా, కిటికీలోంచి చూసినా, అప్పటికే మూడు నాలుగు నెలల కిందట కలిసిపోయిన పెదవి మళ్ళీ చీలదు. అయినా మన ఆరా కాలం లెక్క చూడదు. ఏ నెలలో గ్రహణం వచ్చినా సరే, ఆ రోజు ఆమె చేసిన ఒక పని దొరికితే చాలు. గ్రహణం నాడు గర్భిణిని చీకటి గదిలో, తిండీ నీళ్ళూ లేకుండా గంటల తరబడి పడుకోబెట్టడం మాత్రం నిజంగా హాని చేయగలదు.

అయితే తల్లి తిండికీ, జాగ్రత్తకూ పిండంతో సంబంధమే లేదని నేను అనడం లేదు. అది అబద్ధం అవుతుంది. గర్భం రావడానికి ముందు నుంచీ ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, వెన్నుపాము నాళం మూసుకోని లోపాలు బాగా తగ్గుతాయి. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లుల్లో అది మళ్ళీ రావడం 72 శాతం తగ్గినట్టు బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నడిపి 1991లో ఫలితాలు ప్రచురించిన పెద్ద పరీక్ష చూపింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే ప్రయోగశాల బృందాన్ని నడిపింది మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ సంగతి చెప్పుకుని గర్వపడే మనం, ఆ మాత్ర పెళ్ళయిన ప్రతి అమ్మాయికీ సరైన సమయానికి అందుతోందా అని అంత గట్టిగా అడగం. నెల తప్పాక ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి మాత్రలు ఇచ్చేసరికి నాళం మూసుకునే సమయం దాటిపోతోంది, ఎందుకంటే అది నాలుగో వారంలోనే ముగిసిపోయే పని. రుబెల్లా, అదుపులో లేని మధుమేహం, థైరాయిడ్, కొన్ని మందులు కూడా పిండానికి చేటు చేస్తాయి. మా పురుగుల్లోనూ కొన్ని ఉత్పరివర్తనాలు 16 డిగ్రీల దగ్గర ఏ ఇబ్బందీ కలిగించవు, అదే పురుగును 25 డిగ్రీలకు మారిస్తే ఒక్క గుడ్డూ పగలదు. పరిసరాలు లెక్కకు వస్తాయి. కానీ ఆ ఉష్ణోగ్రతను ఎంచుకున్నది పురుగు కాదు.

ఈ చివరి మాటను కొంచెం ముందుకు తీసుకుపోవాలి. జన్యువులను అణచడానికి మేము వాడే తేలిక పద్ధతి, తగిన ఆర్ఎన్ఏ తయారుచేసే బాక్టీరియాను పురుగుకు మేతగా పెట్టడం. తల్లి దాన్ని తింటుంది, ఆమె గుడ్లలో పిండాలు ఆగిపోతాయి. ఇక్కడ తల్లి తిన్నదే పిండాన్ని ఆపిందని చెప్పవచ్చు, అది అక్షరాలా నిజం. కానీ ప్లేటులో ఆ మేత తప్ప మరొకటి లేదు, దాన్ని అక్కడ పరిచింది నేను. మన ఇళ్ళలో కోడలి కంచంలో ఏముంటుందో, ఆమె ఎప్పుడు తింటుందో, ఎన్ని గంటలు పడుకుంటుందో, ఏ వయసులో ఆమెకు పెళ్ళి చేయాలో, రెండు కాన్పుల మధ్య ఎంత ఎడం ఉండాలో ఆమె ఒక్కతే నిర్ణయించుకుంటోందా? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషిని, సరిగ్గా తినలేదని నిందించే హక్కు ఆ ఇంటికి లేదు. జాగ్రత్త లెక్కకు వచ్చే చోట కూడా ప్రశ్న అడగవలసింది ఇంటిని, ఊరిని, ఆసుపత్రిని.

డాక్టర్లు ఈ విషయంలో చేయగలిగింది చేయడం లేదని నా అభిప్రాయం. ఓపీలో ఉండే రద్దీ నాకు తెలియనిది కాదు. అయినా గర్భం పోయిన స్త్రీకి శుభ్రం చేసి, మాత్రలు రాసి, మళ్ళీ ఆరు నెలలు ఆగండి అని పంపేటప్పుడు, ఇది మీరు చేసిన పని వల్ల జరగలేదు అన్న ఒక్క వాక్యాన్ని, ఆమెకే కాదు, ఆమెతో వచ్చిన అత్తకూ భర్తకూ వినిపించేలా చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. డాక్టరు ఏమీ చెప్పకపోతే ఆ ఖాళీని ఇంటివాళ్ళు తమకు తెలిసిన కారణాలతో నింపుకుంటారు. అలాగే ఇంటర్మీడియట్‌లో, డిగ్రీలో జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకులు, ముఖ్యంగా మన జిల్లాల కాలేజీల్లో ఉన్నవాళ్ళు, మెండెల్ నిష్పత్తిని బఠానీల దగ్గరే ఆపేయకూడదని కోరుతున్నాను. ఆ తరగతిలో కూర్చున్న అమ్మాయిల్లో మేనరికం సంబంధం కుదిరినవాళ్ళు ఉంటారు, అక్కకు గర్భం పోయిన ఇంటి నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు. మూడుకు ఒకటి నిష్పత్తి వాళ్ళ ఇంట్లో ఏం చెబుతుందో వాళ్ళకు చెప్పాలి. చెప్పేటప్పుడు కొత్త నింద పుట్టకుండా చూసుకోవాలి.

మళ్ళీ మళ్ళీ గర్భం పోయే జంటల్లో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురిలో, దంపతుల్లో ఒకరికి క్రోమోజోముల ముక్కలు స్థానాలు మారి ఉంటాయి. మొత్తం పదార్థం సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఆ వ్యక్తికి ఏ ఇబ్బందీ ఉండదు; అండంలోనో, శుక్రకణంలోనో పంపకం జరిగేటప్పుడే లెక్క తప్పుతుంది. అది భార్యలో ఉండవచ్చు, భర్తలో ఉండవచ్చు. కనుక్కోవడానికి ఇద్దరి రక్తం తీసి, క్రోమోజోముల సంఖ్యనూ ఆకారాన్నీ చూసే కారియోటైప్ పరీక్ష చేయాలి. మా చిన్నమ్మ కొడుకు మొదట రానన్నాడు. పరీక్షలన్నీ ఆమెకు చేయించాం గదా, ఇంకా నాకెందుకు అన్నాడు. నేను పిండాల గురించి చెప్పిందంతా విని, రెండు వారాల తరువాత భార్యతో కలిసి హైదరాబాద్ వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాడు. ఫలితం ఏమిటన్నది వాళ్ళిద్దరి సొంత విషయం. పోయిన పిండం కణజాలాన్ని కూడా పారేయకుండా క్రోమోజోమ్ పరీక్షకు పంపాలని, అలా పంపాలంటే ముందుగానే డాక్టరును అడిగి పెట్టుకోవాలని వాళ్ళకు చెప్పాను. ఈ వ్యాసం చదివేవాళ్ళలో అలాంటి ఇల్లు ఉంటే వాళ్ళకూ అదే చెబుతున్నాను: రెండుసార్లు గర్భం పోయిన తరువాత పరీక్షకు వెళ్ళేటప్పుడు భర్త పేరు మీద కూడా చీటీ రాయించండి.